తాతకు అమ్మగా తొమ్మిదేండ్లు

నేను పొద్దున్నే నడకకు పోయే మైదానం గేటు పక్కన ఈ మధ్య ఒకతను రాగంబలి బండి పెట్టుకున్నాడు. రాత్రే కాచి మూతపెట్టి, తెల్లారేసరికి పులుపెక్కిన అంబలి, దాంట్లోకి మజ్జిగ, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, నంజుకోవడానికి ఊరమిరపకాయ. నాలుగు చుట్లు తిరిగి చెమట తుడుచుకుంటూ వచ్చే చక్కెర జబ్బు పెద్దమనుషులు కాగితం గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడతారు. మా చిన్నప్పుడు గతిలేనివాళ్లు తాగేది, ఇప్పుడు గతి ఎక్కువైనవాళ్లు తాగుతున్నారు, అంతే తేడా. ఆ పులుపు వాసన ముక్కుకు తగలగానే నాకు అరవై మూడేండ్లన్న సంగతి ఒక క్షణం తప్పిపోతుంది. చిన్నపిల్లనైపోతానని కాదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు నన్ను ఎవరనుకున్నారో ఆ మనిషినైపోతాను. ఆమె నేను పుట్టక చాలా ముందే చనిపోయిన ముసలామె, మా తాతను కన్నతల్లి.

మాది కదిరి వైపు పల్లె. నేను పుట్టింది పెద్దల పండగకు ముందు వారంలో. భాద్రపద అమావాస్యనాడు చనిపోయినవాళ్లకు కొత్త గుడ్డలు పెట్టి, వండి వడ్డించే పండగ అది. మంత్రసాని నన్ను కడిగి చాటలో పడుకోబెట్టినప్పుడు ఎడమ మోచేతి కింద పప్పుబద్దంత పుట్టుమచ్చ కనిపించిందట. తాత వాకిట్లోంచి వచ్చి ఆ మచ్చ చూసి, తలగుడ్డ తీసి పక్కన పెట్టి, కళ్లయినా తెరవని పసిగుడ్డు కాళ్లకు దండం పెట్టాడట. ఆయన తల్లి నరసమ్మకు సరిగ్గా అక్కడే మచ్చ ఉండేదని చెప్పడానికి ఊళ్లో ముసలివాళ్లు నలుగురు దొరికారు. లేదని చెప్పడానికి ఒక్కరూ దొరకలేదు. నాకు నరసమ్మ అని పేరు పెట్టారు, నేనెవరన్నది అక్కడితో తేలిపోయింది. చాలా ఏండ్ల తర్వాత పదో తరగతి సర్టిఫికెట్లో ఒంటి గుర్తుల కింద హెడ్మాస్టరు కూడా ఆ మచ్చనే రాశాడు. ఇంట్లో నేను నేను కాదనడానికి, బయట నేను నేనే అనడానికి ఒకే మచ్చ సాక్ష్యం చెప్పింది.

తాతకు అమ్మగా బతకడంలో సుఖాలున్నాయి, కాదనను. మా అన్నకు చింతబరికె దెబ్బలు పడే తప్పులకే నాకు బెల్లంముక్క దొరికేది. సాయంత్రంపూట తాత చెనక్కాయలు వేయించి, ఒలిచి, పొట్టు ఊది, మొదటి గుప్పెడు నా దోసిట్లో పోసిగాని తాను నోట్లో వేసుకునేవాడు కాదు. నేను నిద్రపోతుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కష్టమల్లా పేరుతోనే వచ్చింది. అత్త పేరు, అత్త అత్త పేరు కోడళ్లు నోట పలకరాదు గనుక మా అమ్మ, మా అవ్వ ఇద్దరూ నన్ను అమ్మణ్ణి అనేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్ల నోట నా పేరు వినకుండానే పెరిగాను. బడిలో అయ్యవారు నరసమ్మా అని హాజరు పిలిస్తే, ఎవరబ్బా ఆ ముసలామె అని నేనూ అటూ ఇటూ చూసేదాన్ని.

మా అవ్వ సంగతి వేరు. అత్త బతికున్నన్నాళ్లు ఆమె ముందర నోరెత్తని మనిషి. ఆదివారం నన్ను కాళ్లమధ్య కూర్చోబెట్టుకుని ఆముదం పెట్టి తలదువ్వేటప్పుడు ఆ పాత కోపమంతా దువ్వెన పండ్లలోకి దిగేది. నేను కుయ్యో మొర్రో అని లేవబోతే జుట్టు పట్టి కిందికి లాగి, "ఓర్చుకో అత్తా, ఓర్చుకో" అని నవ్వేది. నేను తన అత్తనేనని ఆమె నమ్మేదో, మొగుడి మాట తీసేయలేక ఊరకుండేదో, ఈనాటికీ చెప్పలేను.

ఊరు ఊరంతా ఏడాది పొడుగునా మబ్బు వైపు చూసేది. రెండు పదును వానలు పడితే చెనక్కాయ విత్తనం, మూడోది పడకపోతే కళ్లముందరే వాడిపోయే చేను, పడితే పసుపుపచ్చ పూత, ఊడలు దిగే రోజుల్లో తడిమట్టి వాసన, కాయలు పీకే రోజుల్లో ఉప్పు వేసి ఉడకబెట్టిన పచ్చికాయల ఆవిరి, పీర్ల పండగకు గుండం చుట్టూ ఎగిరేవాళ్ల కాళ్లకింద లేచే ఎర్రదుమ్ము, ఉగాదికి ఓళిగల మీద కరిగే నెయ్యి. వీటన్నిటికీ అడుగున, పండగైనా పబ్బమైనా, పొద్దున లేస్తే ప్రతి ఇంట్లోనూ అంబలి. మా తాత ఒక్కడే దాన్ని ముట్టడు. రాత్రి మిగిలిన జొన్నరొట్టె కొరుక్కుని చేనికి పోయేవాడు, రొట్టె లేని రోజు ఉత్త నీళ్లతో పోయేవాడు. ఎవరైనా చెంబు చేతికిస్తే పక్కనున్నవాడికి అందించేవాడు. ఒక్కో మనిషికి ఒక్కో పట్టు ఉంటుంది, ఈయనకు ఇదొకటి కాబోలు అనుకున్నాను.

పెద్దల పండగ మాత్రం నాకు గండం. ఇల్లు అలికి, సాంబ్రాణి వేసి, నడింట్లో గోడకు ఎదురుగా వరసగా ఆకులు పరిచేవాళ్లు. ముత్తాతకు ఒకటి, పసితనంలో పోయిన చిన్నతాతకు ఒకటి. నరసమ్మకు కూడా ఒకటి వేసేవాళ్లుగాని, దానిముందు గోడ కాదు, నేను కూర్చోవాలి. మనిషే తిరిగొచ్చి ఎదురుగా ఉంటే గోడకు పెట్టడమేమిటని తాత తీర్మానం. కొత్త రైకగుడ్డ భుజం మీద వేసి, అన్నం, గుమ్మడికాయ కూర, అలసంద వడలు, ఓళిగలు వడ్డించి, అందరూ చేతులు కట్టుకుని నిలబడితే, నేనొక్కదాన్ని కూర్చుని నా తద్దినం నేనే తినేదాన్ని. వడలు బాగుండేవి. తిన్నాక చెయ్యి కడగబోతుంటే తాత దగ్గరికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఏటేటా ఒకే మాట అడిగేవాడు.

"అమ్మా, ఆ పొద్దు కుండలో అంబలి తాగితివా?"

నేను బిత్తరపోయి చూసేదాన్ని. ఆయన కాసేపు నా నోటి వైపు చూసి, తల్లికి కోపం ఇంకా తీరలేదనుకుని, లేచి వాకిట్లోకి పోయేవాడు. ఆ రోజు ఆయన వడ కూడా ముట్టేవాడు కాదు.

ఆ పొద్దు ఏమి జరిగిందో అవ్వ చెనక్కాయలు ఒలుస్తూ చెప్పేది. మా నాయన చంకబిడ్డగా ఉన్నప్పుడు వరసగా వానలు లేవు. బావులు అడుగంటాయి, ఎద్దులు చచ్చాయి, ఊరు ఊరే తుంగభద్ర పక్కకు కాలువ పనులకు వలస కట్టింది. నరసమ్మ కాళ్లు వాచి అడుగు వేయలేకపోయింది. మోసుకుపోదామన్నా పిల్లవాణ్ణి మోయడానికే వాళ్లకు సత్తువ లేదు. మీరు పోండి, నేను ఇల్లు చూసుకుంటానని ఆమే అంది. కుండలో అంబలి ఉంది, తాగుతా ఉండమ్మా, నాలుగు దినాలకు దుడ్లు సంపాదించుకొచ్చి పిలుచుకుపోతానని చెప్పి, తాత కుండను ఆమె పక్కన పెట్టి, పళ్లెం మూసి, నడిచాడు. తిరిగొచ్చేసరికి నెల దాటింది. ఊళ్లో మిగిలిన ఒకరిద్దరు ఆమెను అప్పటికే మట్టి చేశారు.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. ఆ రోజు నాకు గుర్తుంది. నేను పుట్టనే లేదని తెలుసు, అయినా గుర్తుంది. గడప లోపల కూర్చుని ఉన్నాను, నేల చల్లగా ఉంది, కాళ్లు నావిగా లేవు. బండిబాటలో మూట ఎత్తుకున్న మగమనిషి వీపు, వెనక ఆడమనిషి, ఆమె చంకలోంచి వెనక్కి తిరిగి నన్నే చూస్తున్న పిల్లవాడి ముఖం. ఆ పిల్లవాడు మా నాయన. నా పక్కన కుండ ఉంది, దాని మీది పళ్లెం నేను ఎప్పుడూ తీయను. బడికి పోయిన మొదటి రోజు నాకింత స్పష్టంగా గుర్తులేదు. పదేపదే విన్నది కళ్లలోకి ఎక్కిందని ఇప్పుడు చెప్పగలను, ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. కానీ చెప్పగలిగినంత మాత్రాన ఆ పిల్లవాడు అటు తిరిగి పోడు.

తొమ్మిదో ఏట పెద్దల పండగనాడు నా స్నేహితురాళ్లు వాకిలి బయట అచ్చనగండ్లు ఆడటానికి కాచుకుని ఉన్నారు. నా వంతు రాళ్లు అయిదూ ఎడమచేతి గుప్పిట్లోనే పట్టుకుని, కుడిచేత్తో గబగబా మెక్కి లేచాను. తాత అడ్డంగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. మళ్లీ అదే మాట. బయటినుంచి ఈలలు. ఒళ్లు మండి, నోటికొచ్చింది అనేశాను.

"తాగినాలే. కడుపు నిండింది. నువ్వు పో."

ఆయన పోలేదు. నన్ను అట్లాగే చూస్తూ, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేటట్టు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం అదే మొదటిసారి చూశాను. భయమేసి ఆటకు పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన నాలుగు ఓళిగలు తిని వాకిట్లో గురకపెడుతున్నాడు. మరునాడు పొద్దున అవ్వ ముందు చెంబు పెట్టి, అంబలి పోయమన్నాడు. అవ్వ చెయ్యి ఒక్క నిమిషం గాల్లోనే నిలిచిపోయింది. తర్వాత పోసింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని చేనికి పోయాడు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం రాగులు విసురుతూ అవ్వ తిరగలి ఆపి, నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ కుండలో ఏముండె, నువ్వు తాగేకి?" అంది. "ఇంట్లో ఉన్న పిండంతా నేనే మూటగట్టుకొంటి. నా దగ్గర పాలు ల్యాకపాయ, మీ నాయన ఏడ్సేకి గూడా చాతగాకుండా ఉండె. ఉత్త కుండకు మూత పెట్టింది మీ తాతే."

మళ్లీ తిరగలి తిప్పడం మొదలుపెట్టింది. కోపం లేదు, ఏడుపూ లేదు. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ పిండి తిని మా నాయన బతికాడు, ఆయన బతికాడు గనుక నేనున్నాను, ఉన్న నేను ఆమె పేరుతో, ఆమె మచ్చతో, ఆమె తాగని అంబలిని తాగానని చెప్పాను. ఇంత పొడుగ్గా అప్పుడు ఆలోచించలేదు. అబద్ధం దొరికిపోయిందని మాత్రం తెలిసింది, కుండ ఖాళీ అని తాతకు మొదటినుంచీ తెలుసుననీ తెలిసింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు చేనిగట్టు మీద ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు పోయి, నేను అబద్ధం చెప్పినా తాతా, నేను మీ అమ్మను కాదు అని ఏడ్చేశాను.

ఆయన ఒక చెనక్కాయ చెట్టు పీకి, కాయల మట్టి దులిపాడు.

"మాయమ్మ గూడా అబద్ధమే చెప్తాండె" అన్నాడు. "ఇంట్లో గింజ ల్యాకపోయినా, తాగినాలే, కడుపు నిండింది, మీరు తాగి పోండి అంటాండె. నేను తాగల్యా అని నువ్వు చెప్పింటే, నువ్వు వేరే యెవరో అనుకొందును పాపా."

పాప అన్నాడు. ఆ మాటను నేను తర్వాతగాని పట్టుకోలేదు. ఆ నెలలోనే, బిందె పగలగొట్టినందుకు తాత చేతిలో నాకు మొదటి దెబ్బ పడింది, మా అన్న చప్పట్లు కొట్టాడు. మరుసటి ఏడు పెద్దల పండగకు నరసమ్మ ఆకు గోడ ముందర పడింది. నేను అందరితోపాటు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్లూ వదిలితే చాలనుకున్నదాన్ని, ఆ ఆకు ముందు ఖాళీగా ఉన్న చోటు చూసి నాకు ఏడుపొచ్చింది. ఎవరికోసమో తెలియలేదు.

నేనన్న ఆ మాట నాకెక్కడిదని తర్వాత చాలాసార్లు వెతికాను. దూరం పోనక్కర్లేదు. మా అమ్మ ప్రతి రాత్రీ ఉట్టి కిందికి దించి, మాకు వడ్డించి, అడుగున మిగిలిన మెతుకులు చూసి అనేది అదే. అవ్వ దగ్గర ఆమె నేర్చుకుని ఉంటుంది, అవ్వేమో తన అత్త దగ్గర. మచ్చ సంగతి ఏమోగాని, మాట మాత్రం తిరిగొచ్చింది. తాత గుర్తుపట్టింది దాన్నే.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, చేను మీద సౌరపలకలు నీలంగా పరుచుకున్నాయి. పిల్లలకు చచ్చినవాళ్ల పేర్లు ఎవరూ పెట్టడం లేదు, ఫోనులో వెతికి ఎవరికీ లేని పేరు పెడుతున్నారు. ఎవరి మచ్చలు చూసీ ఎవరూ దండం పెట్టడం లేదు. మొన్న బ్యాంకులో వేలిముద్రల యంత్రం మూడుసార్లు నొక్కించుకుని, నేను నేను కాదంది. గుమాస్తా తెగ నొచ్చుకున్నాడు. నాకు అలవాటేనని చెప్పలేకపోయాను.

ఈ పొద్దున మైదానంలో బెంచీ మీద కూర్చుని ఉండగా మా అమ్మాయి ఫోను చేసింది. కదిరిలో టీచరు, బస్సులో నిలబడి మాట్లాడుతోంది, వెనక కండక్టరు అరుపులు. మాత్ర వేసుకుని ఏమైనా తిన్నావా అమ్మా అని అడిగింది. లేదంటే రోజంతా దాన్నే తలుచుకుంటుందని, "తాగినాలే, కడుపు నిండింది, నువ్వు పో" అన్నాను. ఎప్పుడూ లేంది అదేం మాటమ్మా, ఎవరో ముసలావిడ మాట్లాడినట్టుంది అని నవ్వి పెట్టేసింది.

పొద్దుటినుంచి నేను మంచినీళ్లు కూడా తాగలేదు. లేచి, బండి దగ్గరికి పోయి, కుండ మూత తీయమన్నాను. అతను నన్నొక మాదిరిగా చూసి పళ్లెం పక్కకు జరిపాడు. అంచుదాకా ఉంది. గ్లాసు పోయించుకుని, అక్కడే నిలబడి, చివరి చుక్కదాకా తాగాను.