ఒక కొన కురచైన నక్షత్రం

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి, ఉక్కపోత భరించలేక రంగూను శివారు తాకేటాలోని మా ఇంటి అరుగు మీద కూర్చుని పాత రవికకి చేతికుట్టు వేసుకుంటూ ఉంటే, మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, "ఫ్వాఫ్వా, ఇది నువ్వేనేటి, సూడు" అని నా ముక్కు కింద పెట్టింది. అమ్మమ్మా అనడం దానికి రాదు, బర్మా పిల్లల్లాగే ఫ్వాఫ్వా అంటుంది, నేనూ పలుకుతాను, ఏం చేస్తాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను కదా, పన్నెండు మంది పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు, చేతులకి పట్టీలు, ముందు ఒక జెండా, పక్కన కర్ర ఊతంతో ఒక పొడుగాటి పెద్దాయన. వెనక వరసలో ఆఖరున రెండు జడలు, బుగ్గల నిండా బర్మావాళ్ళు గంధంలా అరగదీసే తనకా చెక్క పూత, గడ్డం ఆకాశానికి ఎత్తి నిలబడ్డ గుంట ఎవరయ్యా అంటే నేనే. అరవై ఏళ్ళు దాటిన సంగతి, అంత గడ్డం ఎత్తుకుని నేను ఎప్పుడైనా నిలబడ్డానా అని నాకే నమ్మకం కలగలేదు.

నా ఈడువాళ్ళకి ఆ రోజుల రంగూను గురించి చెప్పక్కర్లేదు. చౌక్తడా పేటకి దగ్గరలో మా వీధి, మా నాన్న రేవులో పని, శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఓడెక్కి వచ్చిన నాటి నుంచీ అదే పని, మా అమ్మ మెట్ల కింద చోటులో తొక్కుడు మిషను వేసుకుని వీధి వీధికీ బట్టలు కుట్టేది. మా ఎదురు మేడ మీద ఉండే యూదుల పెద్దాయనని పిల్లలం కెప్టెన్ తాత అనేవాళ్ళం, అమ్మ కెప్టెన్ బాబు అనేది. ఆయన ఏ భాషలో మాట్లాడేవాడో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, సగం హిందుస్తానీ, సగం బర్మా, మధ్యలో మా అమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు, అయినా అందరికీ అన్నీ అర్థమయ్యేవి.

కుర్రతనంలో తెల్లదొరల సైన్యంలో పనిచేసి, కాలికి దెబ్బ తగిలి ఇల్లు చేరిన మనిషి ఆయన. యుద్ధంలో రంగూను మీద బాంబులు పడి, ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని పారిపోతూ ఉంటే, ఆయన తమవాళ్ళ కుర్రవాళ్ళని పన్నెండు మందిని పోగేసి ఒక దళం కట్టాడట. చేతిలో తుపాకీ లేదు, కర్రయినా లేదు, కూలిన ఇళ్ళలోంచి ముసలివాళ్ళనీ గాయపడ్డవాళ్ళనీ మోసుకొచ్చి రేవు దాకా చేర్చడమే ఆ దళం పని. వాళ్ళు మోసినవాళ్ళలో మా నాయనమ్మ ఒకతె, ఆ మాట మా నాన్న ఎన్నడూ మరవలేదు. యుద్ధం అయిపోయినా ఆయన దళాన్ని రద్దు చేయలేదు, మన దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకి వాళ్ళ దీపాల పండుగ వస్తుంది, ఆ సాయంత్రం యూదుల గుడి దగ్గర మొదలుపెట్టి వీధి చుట్టూ కవాతు చేయించి, ఆ తరవాతే దీపం వెలిగించనిచ్చేవాడు.

పూర్వం వాళ్ళ తెగలు పన్నెండట, అందుకని దళంలో పన్నెండు మందీ ఉండి తీరాలి. కానీ వాళ్ళ కుటుంబాలు ఒక్కొక్కటే దేశం విడిచిపోతూ, నేను బడికి వెళ్ళే నాటికి వాళ్ళ పిల్లలు అయిదుగురు మిగిలారు. మిగతా ఏడు ఖాళీలూ మాతో నింపాడు కెప్టెన్ తాత. ముగ్గురు తెలుగుపిల్లలం, ఇద్దరు సాయిబుల పిల్లలు, ఒక ఒడియా కుర్రాడు, ఒక చీనా కుర్రాడు. యూదుడు కావాలంటే పెద్ద కష్టమేం లేదు, ఎడమ కాలేదో కుడి కాలేదో తెలిస్తే చాలు అని మా నాన్న వెక్కిరించేవాడు, వెక్కిరిస్తూనే నా బూట్లకి నల్లరంగు ఆయనే రాసేవాడు.

జెండా మా అమ్మ కుట్టింది. ముదురు నీలం గుడ్డ మీద పసుపుపచ్చ నక్షత్రం, ఆరు కొనలది. ఎక్కడ లెక్క తప్పిందో గాని పచ్చగుడ్డ చాలక ఒక కొన వేలెడు కురచైంది. అమ్మ లబలబలాడి, విప్పేసి మళ్ళీ కుడతానంటే ఆయన ఒప్పుకోలేదు, నా దళంలో కూడా మావాళ్ళు అయిదుగురే మిగిలి కురచగానే ఉంది కదమ్మా, నక్షత్రం నిజమే చెబుతోంది, ఉండనీ అన్నాడట. కవాతుకి ముందు ఏటేటా మాకు ఒకటే పాఠం. యుద్ధంలో ఎక్కడో తెల్లదేశాల్లో తనవాళ్ళ కోట్లకి ఈ నక్షత్రాన్నే బలవంతాన కుట్టించి అవమానించారనీ, ఒకరు కుట్టించింది వేరు, మనం కుట్టుకున్నది వేరనీ, కాబట్టి ఈ గుడ్డ వెనక నడిచేవాళ్ళు ఎవరైనా సరే గడ్డం దించకూడదనీ చెప్పేవాడు. ఫొటోలో నా గడ్డం అలా ఉండడానికి కారణం అదీ.

ఆ తరవాత దుకాణాలూ మిల్లులూ సర్కారు తీసేసుకున్న రోజులు వచ్చాయి. మనవాళ్ళు ఓడలు ఓడలుగా వెళ్ళిపోయారు, కెప్టెన్ తాత కుటుంబమూ ప్రయాణం కట్టింది. రేవులో ప్రతి పెట్టే విప్పి సోదా చేస్తున్నారని పుకారు, దళమనీ జెండా అనీ కనబడితే ఏ తంటా వస్తుందో అని ఆయన బెంగ. వెళ్ళే ముందురోజు మా మెట్ల కిందికి వచ్చి అమ్మతో చాలాసేపు మాట్లాడి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు. ఏమిటమ్మా అంటే, "నీకేటే గుంటా, పోయి నీల్లు పట్రా" అంది. పిల్లల నోట్లో మాట దాగదని ఆవిడకి తెలుసు. ఆ వారంలోనే రెండు పాత చీరలు పెట్టి ఒక బొంత కుట్టుకుంది, అది మాత్రం నాకు బాగా గుర్తు, ఎందుకంటే సాయం పట్టనివ్వలేదు.

మేము వెళ్ళలేదు. వెళ్ళడానికి శ్రీకాకుళంలో మాకు ఎవరున్నారు కనక. నాన్న ఒక బర్మా పేరు పెట్టుకున్నాడు, నాకూ కార్డు మీద ఒక బర్మా పేరు పడింది. సర్కారు ఆఫీసుల్లోనూ బస్సుల్లోనూ ఆ పేరుకే పలకడం అలవాటై, గుమ్మం దాటే ముందు బొట్టు కొంగుతో తుడిచేసుకోవడం కూడా అలవాటైంది. ఎవరూ తుడవమనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మ మిషను నేను అందుకుని నలభై ఏళ్ళు దాని మీదే బతికాను.

అమ్మ ఆ బొంత కప్పుకునే ముసలిదైంది. పిల్లలు దాని మీద కాళ్ళు పెడితే కసిరేది. ఆఖరి రోజుల్లో జ్వరంలో ఒకటే పాట, "బొంత తగలెయ్యకండర్రా, అది మనది గాదు, అడిగినోలికి ఇచ్చెయ్యాల." తను కుట్టుకుని తను కప్పుకున్న బొంత తనది కాదనడమేమిటి, జ్వరం తలకెక్కింది అనుకున్నాం. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు కదా, మా బాబాయి ఆ బొంతని చుట్టచుట్టి శవంతో పాటు పంపడానికి తీశాడు. వాకిట్లో ఒక్క నిమిషం నా చేతుల మీద పెట్టాడు. బొంత బరువెంత ఉండాలో నాకు తెలియదా, రెండు చీరల బరువు కాదది, లోపల దళసరి గుడ్డ ఒకటి ఉంది, నా చేతులకి తెలిసింది. అడగబోయి మానేశాను, పెద్దలు తొందరపడుతున్నారు, ఆచారానికి అడ్డుపడే ఆడదాన్ని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. దాన్నీ అమ్మనీ ఒకే చితి మీద కాల్చేశారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ ఫొటో ఫోనులో పాత రంగూను బొమ్మలు పెట్టేచోట పెట్టింది కెప్టెన్ తాత మనవరాలు. ఇంగ్లండులో ఉంటుంది, యాభై ఏళ్ళు ఉంటాయేమో. మా మనవరాలు జవాబు రాయగానే ఫోనులో ప్రత్యక్షమైంది, కనుబొమ్మలు అచ్చం తాతవే. అక్కడ కొంతకాలంగా, యూదులమని తెలిస్తే ఎవరేం చేస్తారో అని తమవాళ్ళు నక్షత్రం గొలుసుని చొక్కా లోపలికి తోసుకుని తిరుగుతున్నారట, తననీ తోసుకోమని తల్లే బతిమాలిందట. ఈవిడ దాన్ని బయటికి తీసి, తాత కట్టిన దళాన్ని మళ్ళీ కట్టి, దీపాల పండుగకి అక్కడి వీధిలో పిల్లలని నడిపిస్తోంది. వీడియో చూపించింది, మెడలో నక్షత్రాలు వేసుకుని, గడ్డాలెత్తి, చలిలో పొగలు కక్కుతూ ఎంతమంది పిల్లలో. పిల్లలని సైన్యంలోకి పట్టుకుపోతారని, యూనిఫారం కనబడితే మా వీధి తల్లులు తలుపులు వేసుకునే ఈ రోజుల్లో, తుపాకీ లేని ఆ కవాతు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆ తరవాత తాత నోటుబుక్కులోంచి ఒక ముక్క ఇంగ్లీషులో చదివింది, మా మనవరాలు తెలుగు చేసి చెప్పింది. జెండా ఎదురింటి దర్జీ అమ్మకి ఇచ్చాను, బొంత లోపల పెట్టి కుట్టి దాని కింద పడుకుంటానంది, పేదరాలి బొంతని ఎవరూ సోదా చెయ్యరంది, అని. ఈ ఏడు ఆ జెండానే ముందు పట్టుకు నడవాలని ఆవిడ ఆశ. అది మీ దగ్గర భద్రమే కదా అంది.

వెతికి చెబుతానన్నాను. వెతకడానికి ఏముంది, నా మొహం. ఆ వారం అన్నం సయించలేదు. అప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది, అమ్మ చేతులతో కాకపోయినా అమ్మ మిషనుతో నేను కుట్టలేనా అని. ముదురు నీలం గుడ్డ తెచ్చాను, పచ్చగుడ్డ తెచ్చాను, అమ్మ కుట్టు నాకు తెలుసు, ఆవిడ దారం ఎక్కడ ముడేసేదో తెలుసు. ఒక కొన వేలెడు కురచ చేశాను. టీ డికాషనులో ముంచి ఎండలో ఆరేస్తే అరవై ఏళ్ళూ వచ్చి కూర్చున్నాయి దాని మీద. మా మనవరాలు చూసి, "ఫ్వాఫ్వా, ఇది కొత్తది కదేటి?" అంది. నోర్మూసుకోమన్నాను.

ఆవిడ మళ్ళీ పలకరించినప్పుడు ఫోను ముందు జెండా విప్పి పట్టుకున్నాను. ఆవిడ నవ్వుతూ చూసి, కురచ కొన దగ్గర ఆగిపోయింది. ఆ కొన కథ తాత తనకి చెప్పాడట, అది ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదనుకుందట. మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ కన్నీళ్ళు చెందాల్సింది నాకు కాదు, నేను కుట్టిన ఆ గుడ్డకీ కాదు. జెండా కిందికి దించి, ఇది అది కాదమ్మా అన్నాను. బొంత సంగతి, జ్వరంలో అమ్మ మాట, నా చేతులకి తెలిసిన బరువు, టీ డికాషను, అన్నీ చెప్పాను, మా మనవరాలు బిక్కమొహంతో ఇంగ్లీషులో చెబుతూ పోయింది. ఇక ఫోను పెట్టేస్తుందనే అనుకున్నాను.

పెట్టలేదు. కళ్ళు తుడుచుకుని, అయితే మా తాత జెండా మీ అమ్మతో వెళ్ళిందన్నమాట అంది. పోయినవాళ్ళ పేర్లు తమ గుడిలో ఏటేటా పైకి చదువుతారట, తాత పేరు తరవాత మా అమ్మ పేరు చదివిస్తానంది. కొత్త జెండాని పంపమంది, పాతదని మాత్రం చెప్పదట, ఎవరు ఎప్పుడు కుట్టారో దాని మీదే రాసి పంపమంది. నా మీద కోపం లేదని అనలేదు, ఉండే ఉంటుంది, ఉండాలి కూడా. తరవాత అడిగింది, మీ అమ్మగారి పేరేమిటి అని.

మా మనవరాలు నా వైపు తిరిగి చూసింది. దానికి తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు, ఈ ఇంట్లో ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. నేను చెబితే అక్కడ ఆవిడ తప్పులు దిద్దుకుంటూ మూడుసార్లు పలికింది, ఇక్కడ మా మనవరాలు అరచేతిలో రాసుకుంది, బర్మా అక్షరాల్లో. అప్పటి వీధి లేదు, కవాతు లేదు, ఆ పన్నెండు మందిలో ఈ ఊళ్ళో మిగిలినదాన్ని నేనేనేమో. ఎవరో సముద్రం అవతల గొలుసు బయటికి తీసి నడుస్తూ ఉంటే, ఎవరూ తుడవమనకుండానే తుడుచుకున్న నా నుదురు నాకు గుర్తొచ్చి సిగ్గేసింది.

నిన్న జెండా వెనక, అంచుకి దగ్గరగా, నా పేరూ కుట్టిన సంవత్సరమూ, వాటి పైన అమ్మ పేరూ పచ్చదారంతో తెలుగులో కుట్టాను. అక్కడ దాన్ని చదవగలిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఇక్కడ మా ఇంట్లో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే.