చెట్టెక్కే మనిషి ఎవరి మనిషి?

పాకాల రోడ్డులో మలుపు తిరగ్గానే మునిరత్నం నాయుడు స్కూటర్ బ్రేకు గట్టిగా తొక్కాడు. తన మామిడితోటలో కాయలు దించుతూ ఉండాల్సిన గుంపు, తోటకు వీపు పెట్టి ఎదురుగా నడిచి వస్తోంది. భుజాన కాయలు కోసే పొడుగు దోట్లు, వాటి కొసన వల చిక్కాలు, చంకల్లో ఖాళీ గోతాలు. ముందు వాళ్ళ మేస్త్రీ తిరుమలమ్మ.

"ఏమ్మే, యాడికి పోతా ఉండారు?"

"ఇంటికి."

"కాయలు?"

"చెట్లమీదే ఉండాయి. మేం దించలే."

నాయుడు తోట వైపు చూశాడు. రేపు పొద్దున గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ ఉండాలి. కాయ దించుకోవడానికి ఫ్యాక్టరీ ఇచ్చిన టోకెను రేపటిది. అది తప్పితే మళ్ళీ ట్రాక్టర్ల వరస చివరికి పోవాలి. ఈ ఏడు ధర పడిపోయి తోటను గుత్తకు తీసుకునే దిక్కు లేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనే కోయించి తనే అమ్ముకుంటున్నాడు. కాయ బెంగళూరా. బయటివాళ్ళు తోతాపురి అంటారు. బెంగళూరుకూ ఈ కాయకూ ఏం చుట్టరికమని ఈ సీమలో అడిగితే మనిషికో కథ చెబుతారు. ఒక్కటీ నమ్మబుద్ధి కాదు, వినడానికి మాత్రం అన్నీ బాగుంటాయి. ఏ కథ చెప్పినా ఆ కాయ పండకుండా ఆగదు.

తిరుమలమ్మది కార్వేటినగరం పక్క ఊరు. పాకాల దగ్గరికి కోడలిగా వచ్చింది. మొదట చెట్ల కింద కాయలు ఏరింది, తర్వాత మండీలో రకాలు వేరు చేసింది. భర్త ఓబయ్య చెట్టెక్కితే కోతి దిగొచ్చి చూసేదని చెప్పుకునేవాళ్ళు. ఒక ఎండాకాలం ఎవరిదో తోటలో పుచ్చుకొమ్మ విరిగి పడ్డాడు. నడుము కిందికి చచ్చుబడింది. తోట ఆసామి 'గుత్తకిచ్చేశాను, నాకేం సంబంధం' అన్నాడు. గుత్తదారు 'మనుషుల్ని తెచ్చింది మేస్త్రీ' అన్నాడు. మేస్త్రీ 'నేనూ కూలోణ్ణే కదమ్మా' అని ఏడ్చాడు. గుత్తదారు ఆసుపత్రిలోనే ఎంతో కొంత చేతిలో పెట్టి, ఇకమీదట ఏమీ అడగబోనని ఓబయ్యతో వేలిముద్ర వేయించుకున్నాడు. అట్లాంటి కాగితం చెల్లదని చిత్తూరు కార్మిక ఆఫీసులో ఎవరో చెప్పారు. అంతే, తిరుమలమ్మ కొంగు బిగించింది. ఏళ్ళ తరబడి తిరిగి, గుత్తదారు చేత పరిహారం కక్కించింది. ఆ తర్వాతే తను మేస్త్రీ అయింది. ఆడది మగవాళ్ళను చెట్లెక్కిస్తుందా అని మండీలో నవ్వారు. నవ్వినవాళ్ళే ఇప్పుడు సీజను రాకముందే ఫోన్లు చేస్తారు.

కూలీకి దెబ్బ తగిలితే పని చేయించుకున్నవాడే ఇచ్చుకోవాలన్న చట్టం కొత్తదేమీ కాదు. దొరల కాలంలో మిల్లుల కోసమూ రైళ్ళ కోసమూ పుట్టింది. ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో కలిపారు. నూరేళ్ళు దాటినా, పాకాల జంక్షన్‌లో రైలు దిగి ఈ తోటల దాకా నడిచి రావడానికి దానికి ఎందుకో కాళ్ళు రాలేదు. దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది తిరుమలమ్మే అనుకోవచ్చు.

"నువ్వు అడిగినావని ఇన్సూరెన్సు తీసినా గదా! ఇంకేం కావాల?" అన్నాడు నాయుడు.

"తీసినావు. ఏం పనని రాయించినావు?"

నాయుడు స్కూటర్‌కు నిదానంగా స్టాండు వేశాడు.

"పొద్దున ఏజెంటు సునీల్‌కుమార్‌కు ఫోను సేసినా. కలుపు తీసే పని అని రాసిండాదంట. మా వాళ్ళు ఎక్కేది చెట్లు నాయుడా, గట్లు కాదు."

అది నిజమే. కూలి ఎంత, పనిలో ప్రమాదమెంత, ఈ రెండూ చూసి ప్రీమియం లెక్క కడతారని సునీల్‌కుమార్ చెప్పాడు. చెట్టెక్కే పనికి ఎక్కువ, నేలమీది పనికి తక్కువ. అయితే నేలమీది పనే రాయి అన్నాడు నాయుడు. మీ ఇష్టం సార్ అన్నాడు ఏజెంటు.

"అబ్బా, తోట తోటే గదమ్మే! ఏం పనైతే ఏముండాది?"

"పెంచలయ్య పడినాడనుకో. కలుపు తీసేవాడికి కొమ్మమీద ఏం పని అని కంపెనీవాడు అడగడా?"

వెనకనించి, గుంపులో చెట్లెక్కే పెంచలయ్య అందుకున్నాడు. "గడ్డి చెట్టుమీద మొలిసింది సార్ అని సెబుతాలే అక్కా."

అందరూ నవ్వారు. తిరుమలమ్మ నవ్వలేదు.

"కంపెనీ ఇయ్యకపోతే నేనియ్యనా? నా మాట సాలదా?"

"నువ్వు ఇయ్యాల్సిందే. పాలసీ ఉన్నా లేకపోయినా ఆ బరువు నీ నెత్తినే ఉంటాది. అది మోయలేవనే గదా పాలసీ. ఇంక మాటంటావా, ఓబయ్యను సూసేదానికి వచ్చి దేవుడి రాత అంటివి. ఆ పొద్దే విన్నా నీ మాట."

నాయుడి మొహం కందిపోయింది. "మనుషులు నీవాళ్ళు. నువ్వు తెచ్చినావు. కావాలంటే నువ్వే కట్టుకో!"

"చెట్టు నీది. కాయ నీది. అమ్ముకునేది నువ్వు. మనిషి కిందపడినాక మాత్రం నావాడా?"

"పలమనేరు నుంచి వేరే గుంపును దించుతా, సూస్తా ఉండు."

"దించు. ఆళ్ళ మేస్త్రీ నెంబరు నా కాడ ఉండాది. ఏం పనని రాసిండావో నేనే సెబుతా."

ఆ మాటకు నాయుడు ఫోను తీశాడు. మార్చొచ్చు సార్, తేడా కట్టండి, రేపటినుంచి వర్తిస్తుంది అన్నాడు సునీల్‌కుమార్. తేడా ఎంతో నాయుడు అడిగాడు. లారీ ఒక పూట బాడుగంత కూడా లేదు. దీనికోసమా నేను కక్కుర్తి పడింది అనిపించింది. రోడ్డు పక్కన నిలబడే డబ్బు కట్టేశాడు.

"సూడు, కట్టేసినా. మెసేజీ కూడా వచ్చింది. చెట్టెక్కే పని అనే రాయించినా. ఇంక పదండి, పొద్దుగూకేలోగా లారీ నింపుదాం."

తిరుమలమ్మ ఫోను తీసుకుని పెంచలయ్యకిచ్చింది. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, అవునన్నట్టు తలూపాడు. ఫోను తిరిగి నాయుడి చేతికొచ్చింది.

"రేపటినుంచి అన్నాడు గదా. రేపు తెల్లారి వస్తాం."

"రేపటికి టోకెను పోతాదే!"

"టోకెను మళ్ళీ ఇస్తారు."

"ఒక్క పూటే గదమ్మే! ఒక్క పూటలో ఎవరు పడతారు?"

పెంచలయ్య తల దించుకున్నాడు.

"ఓబయ్య ఎన్ని పూటలు పడినాడు, నాయుడా?"

తిరుమలమ్మ కొంగు దులిపి నడుముకు చుట్టి, పాకాల వైపు అడుగేసింది. గుంపు వెనకే కదిలింది. మలుపు దగ్గర మనుషులు కనుమరుగయ్యాక కూడా, దోట్ల కొసన ఖాళీ చిక్కాలు కంపచెట్ల మీదుగా ఊగుతూ పోతున్నాయి.