ఇంటివాళ్ళ కోసం

డాక్టర్ రాఘవయ్య గారు పోయినప్పుడు ఆసుపత్రి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద 'ప్రాణదాత' అని రాయించారు. ఆయనే చూసి ఉంటే రాయించినవాణ్ణి నిలబెట్టి కడిగేసేవారు. పంజాగుట్టలోని ఆ ఎమర్జెన్సీలో ఆయన కింద నర్సుగానే నా వయసంతా అయిపోయింది. ఆయన తిట్టని మనిషి లేడు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి బండి నడిపిన కుర్రాడికి కుట్లు వేస్తూ, "తలకాయ కంటే హ్యాండిల్ ఎక్కువైందా నాయనా?" అనేవారు. అమీర్‌పేట హాస్టల్ పిల్లలు తిండి మానేసి కళ్ళు తిరిగి పడితే, సెలైన్ పెట్టించి, తన క్యారియర్ విప్పి తినిపించి, ఆ తర్వాత తిట్టేవారు.

మంచివారే. కానీ ఆయన నేర్పిన పని ఒకటి నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ప్రాణం పోయిందని తేలాక ఆయన వెంటనే బయటికి చెప్పేవారు కాదు. "ఇక ఇంటివాళ్ళ కోసం" అనేవారు మెల్లగా. అంటే, తెర కొంచెం పక్కకు లాగి, శవం ఛాతీ మీద చేతులు పెట్టి కాసేపు నొక్కుతున్నట్టు నటించాలి. ఆగిన గుండెను కదిలించడానికి నిజంగా నొక్కితే మంచం ఊగుతుంది, పక్కటెముకలు విరుగుతాయి. ఇది మాత్రం మెత్తగా, పిండి కలిపినట్టు ఉంటుంది. బయట నిలబడి తలుపు అద్దంలోంచి చూసేవాళ్ళకు తేడా తెలియదు.

మధురానగర్‌లో మేడ మీంచి పడిన మేస్త్రీ సాయిలుకీ అదే చేయించారు. అంతా చూసిన అతని భార్య రుద్రమ్మ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంది. "మా ఇంటాయన కోసం మస్తు కష్టపడ్డవు సారూ. నువ్వు సల్లగుండాలె."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది మోసం కాదా సార్?" అని అడిగేశాను.

"కాదు కమలా. చెయ్యాల్సిందంతా చేశారన్న మాటొకటి ఆవిడకి మిగలాలి. లేకపోతే తనే ఆలస్యం చేశానని జన్మంతా కుమిలిపోతుంది."

ఈ సంగతులన్నీ ఇంట్లో కూడా చెప్పేవారు. ఒకసారి క్యారియర్ తెచ్చిన ఆయన భార్య వసుమతి గారు, "ఇవాళ ఎన్ని నాటకాలాడారేంటి మీ సారు?" అని నవ్వుతూ నన్నే అడిగారు.

ఒక ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్‌లో వంకాయలు ఏరుతూ ఆయన కుప్పకూలిపోయారు. వసుమతి గారు ఆటోలో తీసుకొచ్చారు. అమీర్‌పేట దాటడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు. మా దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. డ్యూటీలో ఉన్న డాక్టర్ రవళి ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల. పాపం, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి నొక్కింది. మానిటర్ మీద గీత కదల్లేదు.

అప్పుడే వసుమతి గారు తలుపు అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. బయటికెళ్ళి చెప్పడానికి రవళికి కాళ్ళు రాలేదు. "ఇక ఇంటివాళ్ళ కోసం" అంది. మళ్ళీ ఆయన ఛాతీ మీద చేతులు పెట్టింది. మెత్తగా.

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చేశారు. మాకు తప్ప ఆ నాటకం తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఆవిడొక్కరే. అర్థమైపోయి ఉంటుంది, ఇక ఏడుస్తారు అనుకున్నాను. ఆవిడ రవళి చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు.

"అదేంటమ్మా రవళీ, అలా నొక్కుతున్నావు? మీ సారు నీకు అలాగే నేర్పారా?"

"మేడమ్..."

"మెత్తగా నొక్కేది పోయినవాళ్ళకట కదా. ఈయనకెందుకు? గట్టిగా నొక్కు."

రవళి నా వంక చూసింది. చెప్పేయమని సైగ చేశాను. రవళి మళ్ళీ ఆయన వైపే తిరిగింది. కళ్ళు మూసుకుని, మోచేతులు బిగించి, బరువంతా వేసి నొక్కింది. మంచం ఊగింది. అప్పటికే విరిగినవి కాక ఇంకో ఎముక పటుక్కుమంది. గదిలో అందరికీ వినిపించింది.

"హమ్మయ్య" అన్నారు వసుమతి గారు. స్టూలు లాక్కుని, ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "అలాగే చెయ్యమ్మా. ఆపకు."