విశాఖ ఇసుకలో మంద

మీరు నమ్మకపోతే నాకు పోయేదేమీ లేదు. కానీ ఆ రాత్రి నా తొడకు రాసుకుంటూ పోయిన వెచ్చదనం మాత్రం అబద్ధం కాదు. మా నాయన మీద ఒట్టేసి చెబుతున్నాను.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాను. నాయన ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెల వెంటే తిరిగాడు. మోకాళ్లు అరిగిపోయి, పోయిన వేసవిలో మందంతా అమ్మేశాడు. ఆ తర్వాత మాట తగ్గింది. ఏం కావాలని అడిగినా ఊ, ఆ అనేవాడు. ఒకరోజు మాత్రం తనంతట తానే సముద్రం చూడాలన్నాడు. అందుకే ఇద్దరం విశాఖపట్నం పోయాం.

బీచ్ రోడ్డు పక్కనే చిన్న లాడ్జిలో దిగాం. సాయంత్రమంతా గట్టు మీద కూర్చున్నాం. ఆ ఊళ్లో ఎవరికీ తొందర లేదు. ముంత మసాలా తింటూ, నీళ్ల వైపు చూస్తూ గంటలు గంటలు కూర్చుంటారు.

"వీళ్లకి పనుల్లేవా రా?" అని నాయన నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆయన నవ్వి.

ఆ రాత్రే...

ఎందుకో మెలకువ వచ్చింది. పక్క మంచం ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. నాయన చెప్పులు అక్కడే ఉన్నాయి. బయటికి పరుగెత్తాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు. అవతల ఇసుకలో నాయన నిలబడి ఉన్నాడు. తలగుడ్డ చుట్టుకొని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని...

"ఏంది నాయనా, ఈ యాళప్పుడు?"

"మాట్లాడబాక. మంద వస్తా ఉంది."

కల వచ్చి లేచాడేమో అనుకున్నాను. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు... నాకూ వినపడింది.

అలలు మా ముందున్నాయి. ఈ చప్పుడు వెనక నుంచి, రోడ్డు వైపు నుంచి వస్తోంది. పటపట... పటపట... మెత్తటి నేల మీద గిట్టలు. లెక్కలేనన్ని గిట్టలు. మధ్యలో ఒక గంట. టింగ్... కాసేపు ఆగి... టింగ్. తర్వాత వాసన. ఉప్పు గాలిలో తడి బొచ్చు, పెంటికల వాసన. ఆ వాసనలోనే పెరిగినవాణ్ణి. నాకు పొరపాటు రాదు.

కంటికి మాత్రం ఏమీ లేదు. వీధి దీపాల వెలుగు... ఖాళీ ఇసుక.

చప్పుడు మా దాకా వచ్చింది. మాకు అటూ ఇటూ చీలిపోయింది. ఏదో నా తొడకు రాసుకుంది. వెచ్చగా... బరువుగా... ఊపిరి తీస్తున్నట్టు. నాయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అంతా నీళ్ల వైపు సాగిపోయింది.

నాయన నా చెయ్యి విదిలించుకున్నాడు. మెట్లెక్కలేని మనిషి పరుగెత్తాడు. మందను మళ్లించే కేక వేస్తూ నీళ్లలోకి దిగాడు. మోకాళ్ల దాకా... నడుం దాకా... వెనక నుంచి వాటేసుకొని లాగాను. అల ఇద్దర్నీ పడగొట్టింది. లేచేసరికి గంట చప్పుడు లేదు.

తెల్లారి చూస్తే ఇసుకలో మా ఇద్దరి అడుగులే. లాడ్జి కాపలా ఆయన్ని అడిగాను. రాత్రంతా మేలుకునే ఉన్నాడట. గొర్రెలు ఈ దారిన ఎందుకొస్తాయంటూ నన్నే ఎగాదిగా చూశాడు.

తర్వాత చాలా ఆలోచించాను. మనసులో ఇంకా మందను తోలుకుంటున్న మనిషి చెయ్యి పట్టుకుంటే, ఆయన విన్నది మనకూ వినిపిస్తుందా? ఏమో. నాకు తెలియదు.

తిరుగు రైల్లో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"మంద ముందర నడిచేటోణ్ణి చూసినావా?"

"ఎవుర్ని? నాకేం కనపళ్లా."

నా మొహంలోకి అట్లాగే చూశాడు.

"సరేలే" అన్నాడు.

ఎవరని ఇంతవరకూ నేను అడగలేదు. అడిగితే చెబుతాడు... అదే నా భయం.