ట కింద ఒత్తు

నిన్న పొద్దున్న వంటింట్లోంచి మైదా ఉడుకుతున్న వాసన వచ్చింది. మనవరాలిని బళ్ళో ఏవో బొమ్మలు అట్టకి అంటించి తెమ్మన్నారట. కొన్న జిగురు నేను ఇంట్లోకి రానివ్వను కనుక, మా కోడలు పద్మ గిన్నెలో రెండు చెంచాల మైదా వేసి, నీళ్ళు పోసి గరిటెతో తిప్పుతోంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కూడా వేసింది. ఆ చిటికెడు ఎవరు నేర్పారో నాకు తెలుసు. నేను మాత్రం కాదు. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగలగానే ముందు నా కడుపు మండుతుంది, తర్వాతే మనిషి గుర్తుకొస్తుంది.

ఆ మనిషి కరుణమ్మ టీచరు గారు. బందరులో మా ఎదురింట్లో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. మిషను బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తెల్ల నేతచీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు నల్ల గొడుగు. ఆవిడ దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. చిన్నప్పుడు ఆవిడకి చదువు చెప్పిన దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ, వాళ్ళ రాణిగారి ఫోటో ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిందట. అక్కణ్ణుంచి దొరసాని ఉత్తరాల్లో పంపిన బొమ్మలూ, ఇంగ్లీషు పేపర్లలో వచ్చినవీ కత్తిరించి, మైదా జిగురుతో అంటించి, కింద తెలుగులో ఒక్కో ముక్క రాసుకునేవారు. ఆ రాణిగారు రాజ్యం ఏలిన రాణి కాదు, రాజుగారి భార్య. వేరే దేశంలో పుట్టి, పందొమ్మిదో ఏట ఆ దొరసాని వాళ్ళ దేశానికి కోడలిగా వచ్చింది. ముగ్గురు పిల్లల్ని కన్నది. యుద్ధం వస్తే నర్సు బట్టలు కట్టుకుని ఆసుపత్రిలో గాయాలు కడిగింది. గుర్రం మీంచి పడి మొగుడు పోతే, ఇరవై ఏళ్ళ కొడుకుని సింహాసనం ఎక్కించి తను పక్కకి తప్పుకుంది. కూతుర్ని ఇంకో దేశపు రాజుకిచ్చింది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా అరుగు మీద కూర్చుంటే వినపడేవి. చెవులు మూసుకునే అలవాటు నాకు లేదు.

తొంభైల్లో మా అబ్బాయికి పెళ్ళయింది. వాడు గుడివాడ రైసుమిల్లులో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. పద్మది హంసలదీవి దగ్గర పల్లె. దాని మూడో ఏట ఉప్పెన వచ్చి తల్లిని తీసుకుపోయింది. తల్లిలేని పిల్లని తెచ్చుకున్నాను, నా కొంగు పట్టుకుని తిరుగుతుందనుకున్నాను. అది మాత్రం వంట కాగానే బియ్యం చేట పట్టుకుని ఎదురింటికి పోయేది. నన్ను అత్తయ్యగారూ అనేది. ఆవిణ్ణి అమ్మా అనేది.

ఒకరోజు దాన్ని పిలవడానికని వెళ్ళాను.

"రండి వదినగారూ, మా రాణిగారు ఇవాళే అత్తవారింటికొచ్చింది" అన్నారు టీచరు గారు.

"వచ్చి ఏం ఒరగబెట్టింది?"

"భాష రాదు కదండీ. భోజనాల దగ్గర అందరూ నవ్వుతుంటే, ఎందుకో తెలీకుండా తనూ నవ్వేదట. అత్తగారు చూస్తే గట్టి మనిషి. కాలిన కొవ్వొత్తి ముక్కలు కూడా పారేయనిచ్చేది కాదట, కరిగించి మళ్ళీ కొవ్వొత్తులు పోయించేది."

పద్మ చేట అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "మా ఇంట్లో సబ్బు ముక్కలమ్మా" అంది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ తడిపి ముద్దచేసి వాడటం నా పద్ధతి. అది పరాయింట్లో నవ్వుకోవడానికి పనికొచ్చింది.

"నవ్వులు తర్వాత, బియ్యంలో రాళ్ళు చూడు" అన్నాను. పుస్తకంలో రాణిగారి కిరీటం కనపడితే ఊరుకోలేక, "ఇలాంటిది మా చిలకలపూడి రోల్డుగోల్డు వాళ్ళకి చెబితే వారంలో చేసిపెడతారు" అని కూడా అన్నాను.

"నిజమే వదినగారూ, పైగా తేలిగ్గా ఉంటుంది. దీంతో పాపం తలనొప్పొచ్చేదట" అన్నారావిడ. ఆవిడకి కోపం రాకపోవడం నన్ను ఇంకా మండించింది.

తర్వాత కొన్నాళ్ళకి పద్మ, "అత్తయ్యగారూ, స్టూడియోకెళ్ళి ఒక ఫోటో దిగుదురుగాని రండి" అంది. దండగ అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు, దీనికి నా ఫోటో ఎందుకా అని అనుమానం వచ్చింది.

ఆ వారమే చిరిగిన పేజీలు అంటించి ఇస్తానని రాణిగారి పుస్తకం మా ఇంటికి తెచ్చింది. మంచం మీద పెట్టి కుళాయికి వెళ్ళింది. నేను తెరిచాను. మొవ్వలో రెండో తరగతితో నా బడి ఆగిపోయింది. గుణింతాలయ్యాయి, ఒత్తులు మొదలుపెట్టేలోగా మా నాన్న నన్ను నాట్లలోకి దింపాడు. అందుకని అక్షరం కింద వేలాడేవాటిని నేను లెక్కచేసేదాన్ని కాదు. బస్సు బోర్డులూ పొట్లం కాగితాలూ అలాగే చదివేదాన్ని, పని జరిగిపోయేది. ఒక పేజీలో నల్లబట్టల ముసలావిడ నిలబడి ఉంది. వెనక కిరీటం పెట్టుకుని రాణిగారు నవ్వుతోంది. కింద అక్షరాలు కూడబలుక్కున్నాను. 'అతగారికి పటం కటిన కోడలు.' అతగారంటే అత్తగారని, కటిన అంటే కట్టిన అని నేనే సర్దుకున్నాను. పటం దగ్గర సర్దుకోవాల్సిన పని రాలేదు. పటమంటే పటమే. గోడకి తగిలించి దండ వేసేది.

పద్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది.

"నేనింకా అన్నం తింటూనే ఉన్నానే" అన్నాను.

"ఏంటత్తయ్యగారూ?"

"నా పటం కట్టించడానికి అంత తొందరేంటి మీ ఇద్దరికీ? దండ కూడా కొనేశారా?"

అది బిందె దించింది. సాయంత్రం ఎదురింటికి కూడా వెళ్ళలేదు. దాని మొహం చూసి జాలేసినా, వెళ్ళనందుకు నాకు లోపల సంతోషంగానే ఉంది. ఉన్నమాట రాస్తున్నాను.

నా అరుపు ఎదురింటిదాకా వినపడింది కాబోలు, మర్నాడు టీచరు గారే వచ్చారు. మంచం మీది పుస్తకం తీసి ఆ పేజీ తెరిచారు. "వదినగారూ, ఇది నాకు ఒకసారి చదివి వినిపించండి."

చదివాను. ఆవిడ వేలు ట మీద ఆగింది.

"దీని కింద ఏముంది?"

"ఏదో ఉంది."

"ఆ ఏదో ఇంకో ట అండీ. ఇప్పుడు చదవండి."

"పట్టం" అన్నాను.

"భర్త పట్టాభిషేకం రోజున జనం ముందుకి వెళ్ళాల్సి వస్తే, అత్తగారు ముందు నడవాలని పట్టుబట్టి, రాణిగారు వెనక నడిచింది. అందుకని అలా రాసుకున్నాను. ఇక ఫోటో సంగతంటారా, ఆ పిల్లకి తల్లి మొహం గుర్తులేదు. ఉప్పెనలో మనిషితోపాటు ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో కూడా పోయిందట. ఈసారి అలా కాకూడదని మీ ఫోటో కావాలంది."

నాకు ఏడుపు రావాలి. వచ్చింది కోపం. "ఆ మాట నాతో చెప్పొచ్చుగా అది? మీకెందుకు చెప్పాలి?"

"మీరెప్పుడైనా అడిగారా?" అన్నారావిడ. ఆవిడ నాతో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

పద్మకి తప్పయిపోయిందని చెప్పడం నాకు చేతకాలేదు. జరీచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, "స్టూడియో ఎక్కడన్నావు?" అన్నాను. అక్కడ అది పక్కకి తప్పుకోబోతే, "ఎలాగూ ఒకటే ఫోటో, నువ్వూ కూర్చో" అన్నాను. కూర్చుంది. ఫోటో తీసేలోపు నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత మూడు నెలలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పలకా బలపం పట్టుకుని నేనే ఎదురింటికి వెళ్ళాను. ఒత్తులు నేర్చుకోవడానికని చెప్పాను గాని, వాళ్ళిద్దర్నే వదిలేయడం ఇష్టంలేక కూడా వెళ్ళాను. "పైన అక్షరం చూసి వెళ్ళిపోకండి వదినగారూ, కింద కూడా ఒకరుంటారు" అనేవారు టీచరు గారు. నేను తప్పు రాస్తే పద్మ నవ్వేది. రాళ్ళు చూసుకోమనేదాన్ని.

జబ్బు చేశాక ఆవిడ గుడివాడలో చెల్లెలింటికి వెళ్ళిపోయారు. గోంగూర పచ్చడి పట్టుకుని పద్మతో బస్సెక్కి వెళ్ళాను. మంచం మీంచే రాణిగారి పుస్తకం పద్మ చేతికిచ్చారు. నా మొహం ఎలా మారిందో ఏమో, "మీకు ఒత్తులిచ్చాను కదండీ" అని నవ్వారు. ఆ నెలలోనే పోయారు.

పద్మ పుస్తకమంతా వెతికింది. రాణిగారి పెళ్ళి, పురుళ్ళు, కొడుకు పట్టాభిషేకం, కూతురి పెళ్ళి, మనవలు, అన్నీ ఉన్నాయి. టీచరు గారి ఫోటో ఒక్కటి లేదు. చెల్లెలి దగ్గరా దొరకలేదు.

నిన్న జిగురు చల్లారేలోపు మనవరాలు అడిగింది, ఆ టీచరు గారు ఎలా ఉండేవారని. పద్మ కళ్ళు మూసుకుంది. "ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ. నవ్వితే ఎడమవైపు పన్ను మీద పన్ను కనపడేది. వింటున్నప్పుడు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు" అని మొదలుపెట్టి, గిన్నెలో జిగురు గడ్డకట్టేదాకా చెప్పింది. మా ఇద్దరి ఫోటో హాల్లో దాని వెనకే ఉంది. నేను పోయాక నా మొహం గుర్తుండటానికి దానికి ఆ పటం కావాలి. ఆవిడ మొహానికి అది కూడా అక్కర్లేకపోయింది.

అది నేను ఓర్వలేను. ఓర్వలేకే రాత్రి భోజనం చేయకుండా కూర్చుని ఇది రాశాను. పొద్దున్న లేచి, ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి, ఒత్తులన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి.