గట్టి టీచరు

మూడో తరగతి టీచరమ్మకు పిల్లల మీద చెయ్యి లేవదు. చిన్నప్పుడు ఆవిడ కుదురుగా కూర్చోవడం లేదని ఒక పంతులుగారు జడ రిబ్బన్ను కిటికీ ఊచకు ముడేసి, ఆ సంగతే మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయారు. తలుపులు వెయ్యడానికి వచ్చిన ఆయా విప్పేదాకా ఆ పిల్ల మెడ కదపకుండా నిలబడే ఉంది. అందుకేనేమో, తను టీచరయ్యాక ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.

బడిలో ఇది పెద్ద లోపమే. పక్క గదిలో లెక్కల మాస్టారు పాఠం చెబుతుంటే చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ఈవిడ గదిలో మాత్రం ఎప్పుడూ గోలే.

ఒకరోజు బస్సు డ్రైవరు తన కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"నాలుగు తగిలించండి టీచర్. వీపు విమానం మోత మోగాలి. నేను ఒక్క మాట అడగను."

"బాగానే చదువుతోంది కదండీ?"

"చదువు సంగతి సరే, భయమేదీ?"

ఆయన నేరుగా వెళ్ళి హెడ్మాస్టరుకు చెప్పాడు. హెడ్మాస్టరు ఆవిడను పిలిచి బతిమాలినట్టే అన్నాడు. "చూడమ్మా, తల్లిదండ్రులు అడుగుతున్నారు. కనీసం చప్పుడైనా వినిపించాలి కదా!"

ఆవిడ ఆ మాటే పట్టుకుంది. మర్నాడు తలుపు వేసి, చెక్క స్కేలు తీసి, "నేను బల్ల మీద కొట్టినప్పుడల్లా మీరు 'అబ్బా' అనాలి, సరేనా?" అంది. పిల్లలకు పండగే. డ్రైవరు కూతురైతే "అమ్మో, చచ్చాన్రా నాయనోయ్!" అని వీధి చివరిదాకా వినిపించేట్టు అరిచింది.

"ఆగవే, నేనింకా కొట్టనేలేదు!" అంది టీచరమ్మ.

వారం తిరక్కుండానే ఆవిడకు ఎక్కడలేని గౌరవం వచ్చిపడింది. లెక్కల మాస్టారు కూడా స్టాఫ్ రూములో జాలిపడ్డాడు. "మరీ అంతలా వద్దమ్మా, పసివాళ్ళు."

అంతలో పిల్లలను కొట్టకూడదని ఉత్తర్వులొచ్చాయి. విచారించడానికి ఒక అధికారిణి వచ్చింది. లెక్కల మాస్టారి తరగతిలో, "మిమ్మల్ని ఎవరైనా కొడతారా?" అని అడిగితే, పిల్లలు చేతులు కట్టుకుని మాస్టారి వైపు చూస్తూ ఒక్క గొంతుతో "లేదండీ" అన్నారు. అధికారిణి ముచ్చటపడింది.

మూడో తరగతిలోనూ అదే ప్రశ్న. తమ టీచరు పరువు పోనిస్తారా! డ్రైవరు కూతురు లేచింది.

"బాగా కొడతారండీ! మొన్న నేను మూర్ఛపోయాను. పక్క మాస్టారికన్నా మా టీచరే గట్టి!"

"నన్ను ఇంకా ఎక్కువ కొట్టారండీ!" అని మిగతావాళ్ళు పోటీపడ్డారు.

"అది నాటకమండీ. కావాలంటే చూడండి, ఒక్కళ్ళకైనా వాత ఉందేమో!" అంది టీచరమ్మ.

"వాత తేలకుండా కొట్టడం కూడా వచ్చన్నమాట," అంది అధికారిణి.

సాక్ష్యానికి పిలిస్తే డ్రైవరు సంతోషంగా వచ్చాడు. "కొడతారండీ, వీధిలోకి వినిపిస్తుంది. చాలా మంచి టీచరు."

ఆవిడను ఊరి ఆ చివరి బడికి బదిలీ చేశారు. కొట్టకుండా పాఠం చెప్పడమెలాగో మిగతా టీచర్లకు నేర్పే పని లెక్కల మాస్టారికి అప్పగించారు.

ఇంట్లో భర్త, గడియారాలు బాగుచేసే ఆయన, విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"పిల్లలు నా మీద కోపంతో కాదండీ, నన్ను పొగుడుదామనే అలా చెప్పారు. అదే నాకు మింగుడు పడటం లేదు."

కొత్త బడిలో మొదటిరోజే గుమ్మం దగ్గర తల్లులు, తండ్రులు దణ్ణాలు పెట్టారు. "మీ గురించి విన్నాం టీచర్. మా అదృష్టం!"

లోపల పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. హాజరు పిలుస్తూ ఆవిడ ముందు బెంచీ దగ్గర ఆగింది. అక్కడి పిల్ల, ఎవరూ అడక్కుండానే, కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాచింది. టీచరమ్మ అందులో సుద్దముక్క పెట్టి, "బోర్డు మీద నీ పేరు రాయమ్మా" అంది.

ఆ పిల్ల ఒక కన్ను తెరిచింది.

"రాశాక కొడతారా, టీచర్?"