నాలుగున్నరకల్లా ఇంట్లో

డెబ్బైల మొదట్లో, ఒకే నెలలో నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి పట్నానికి అవతలి కొసన కొత్తగా పెట్టిన సర్కారు ఫ్యాక్టరీలో, స్టోర్స్ గుమాస్తాగా. రెండోది గౌలిపురలో, మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఉన్న చిన్న ప్రైవేటు బడిలో. అక్కడా గుమాస్తా పనే. ఫ్యాక్టరీ జీతం బడి జీతానికి రెండింతల పైనే. నేను బడిలో చేరాను.

ఎందుకో చెప్పాలి. మా బాపు మిల్లులో మూడు షిఫ్టులూ చేసేవాడు. నాకు ఆయన ముఖం కంటే, గోడవైపు తిరిగి నిద్రపోతున్న ఆయన వీపే ఎక్కువ గుర్తు. "బాపు పండుకున్నడు, లొల్లి చెయ్యకుండ్రి" అని అమ్మ అంటుంటే వింటూ పెరిగాం నేనూ తమ్ముడూ. నేను పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. దినం నాడు ఆయనకిష్టమైనవి వండాలన్నారు పెద్దలు. ఏమిష్టమో నాకు తెలియదు. అమ్మ కూడా చాలాసేపు ఆలోచించింది. ఆ ఆలోచన చూశాక, నేనిట్లా బతకనని అనుకున్నాను.

ఉద్యోగాలు వచ్చేనాటికి మా పాపకు ఏడాది నిండలేదు. ఉత్తరాలు రెండూ చూసి నా భార్య ఒక్కటే అడిగింది.

"ఫ్యాక్టరీల జేరితే ఇంటోళ్లందరికీ దవాఖాన ఫిరీ అంట గదా?"

"మనకేం రోగాలున్నయి? పొద్దుగాల ఆరింటికి బస్సెక్కితే మల్ల ఏడు దాటినంక దిగుడు. పైకెల్లి షిఫ్టులు. గదొక బతుకా? బడిలనైతే నాలుగున్నరకల్లా ఇంట్ల ఉంట."

"ఇంట్ల ఉంటనంటే నేనొద్దంటనా?" అని నవ్విందామె.

మా వాడకట్టులోనే ఉండే నా దోస్తుకు కూడా ఫ్యాక్టరీ నుంచి అదే ఉత్తరం వచ్చింది. అతను వెళ్లి చేరాడు.

మొదటి మూడు నాలుగేళ్లు నేను సరైన పనే చేశాననిపించింది. బడి నుంచి రాగానే పాపను భుజాన ఎక్కించుకుని చార్మినార్ దాకా నడిచేవాణ్ణి. మక్కా మసీదు ముందర పావురాలకు గింజలు వేయించి, ఆమె కేరింతలు చూసి, చీకటి పడకముందే తిరిగొచ్చేవాణ్ణి. ఆదివారాలు దోస్తు కలిసినప్పుడు, "నసీబున్నోనివి భాయ్. నా పిల్లలకు నేను ఐతారం వచ్చే సుట్టాన్ని" అనేవాడు. ఆ మాట వినడానికే నేను వాళ్లింటికి పోయేవాణ్ణేమో.

తర్వాత కిరాయి పెరిగింది. పాపను బడిలో వేశాం. బడివాళ్లు జీతం ఒక్కోసారి రెండు నెలలకు కలిపి ఇచ్చేవారు. పక్కింట్లో ఒక ముసలామె కార్చోబ్ పని చేసేది. కట్టె చట్రానికి బట్ట బిగించి, దానిమీద జరీ, చమ్కీలు కుట్టే పని. మేమందరం ఆమెను ఖాలా అనేవాళ్లం. నా భార్య ఆమె దగ్గర పని నేర్చుకుంది. పత్తర్‌గట్టిలోని ఒక దుకాణం వాళ్లు బట్ట ఇచ్చి, కుట్టినదానికి కూలి ఇచ్చేవారు.

"రెండు మూడు నెలలు జేస్త, ఇబ్బంది తీరేదాంక" అంది నా భార్య. తొమ్మిదేళ్లు చేసింది.

చట్రం మా ముందరి గదిలో సగం ఆక్రమించింది. సాయంత్రాలు ఆమె దాని ముందు వంగి కూర్చుంటే, పక్కన చాప మీద కూర్చుని నేను పేపరు పైకి చదివేవాణ్ణి. ఆమె తల ఎత్తకుండానే "గట్లనా?" అనేది. నేను ఏ బతుకు కావాలని ఫ్యాక్టరీని వదులుకున్నానో, అది ఇదేననుకున్నాను. నా చేతులు ఖాళీగా ఉన్నాయనీ, ఆమె చేతులు ఆగడం లేదనీ నాకు తట్టలేదు. నేను కోరుకున్న తీరిక ఆమెకెప్పుడూ దొరకలేదు.

పాపకు పదేళ్లు దాటాక, పక్కన పెట్టిన చాయ్ గ్లాసు నా భార్య మోచేయి తగిలి ఒలికిపోవడం మొదలైంది. వారానికోసారైనా దుకాణం వాళ్ల బట్ట తడిసేది. గడప దాటుతూ భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. పాప పక్కనే నిలబడి పిలిచినా ఉలిక్కిపడేది.

"నీ ధ్యాస ఏడుంటది?" అని కసిరాను చాలాసార్లు.

"ఏమో, పరేషాన్ల కనబడలే" అనేది.

ఎదురుగా ఉన్నది మాత్రం ఆమెకు బాగానే కనబడేది. అందుకని కుట్టు ఆగలేదు, మాకు అనుమానమూ రాలేదు. ఖాలా ఒక్కతే ఒకరోజు నా భార్య గురించి నాతో, "బేటీ ఆంఖా డాక్టరుకు చూపించు బేటా, ఆమె తల తిప్పి తిప్పి చూస్తుంది" అంది. జీతం వచ్చాక చూపిస్తానన్నాను. జీతం వచ్చింది, వేరేవాటికి పోయింది. అట్లా ఏడాది గడిచింది.

చివరికి సర్కారు కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చాలాసేపు చూసి నీటికాసులు అన్నాడు.

"కుట్టుతోటి వచ్చిందా సార్?" అని అడిగాను.

"కాదు. కుట్టకపోయినా వచ్చేది. చూపును అంచుల నుంచి లోపలికి తింటూ వస్తుంది. పోయిన చూపు రాదు. మిగిలింది ఎంత నిలుస్తుందో చూద్దాం. నాలుగైదేళ్ల కింద తీసుకురావాల్సింది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

నా భార్యే జవాబు చెప్పింది, "ఆయిన డ్యూటీల ఉంటడు సార్" అని.

రోజూ నాలుగున్నరకల్లా ఇంట్లో ఉన్నవాణ్ణి నేను.

తరువాతి ఆదివారం దోస్తును అడిగాను, మీ ఫ్యాక్టరీలో ఏదైనా పని ఉందా అని. మర్నాడు అతని వెంట పోయి, గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. వయసు దాటిందని ఆఫీసు గుమాస్తా కాగితం చూడకుండానే చెప్పాడు. షిఫ్టు దిగి నాతో తిరుగు బస్సెక్కిన దోస్తు, వాళ్ల ఇంటామె కండ్లు కంపెనీ దవాఖానలో ఏటా చూస్తారని చెప్పబోయి ఆపేశాడు.

చుక్కల మందుతో మూడేళ్లు నెట్టుకొచ్చాం. ఆ తర్వాత ఆమెకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియలేదు. చట్రాన్ని విప్పి ఖాలా కోడలికి ఇచ్చేశాం.

ఇంటర్ అయ్యాక మా బిడ్డ, దూరంగా ఉన్న మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి ఒప్పుకుంది. మా బడిలోనే చిన్నపిల్లలకు చెప్పే పని కూడా దొరికేది. నేను మాట్లాడి ఉంచాను.

"దగ్గర్ల పని జేసుకో బిడ్డా. అమ్మకు తోడుంటవ్" అన్నాను.

ఆమె జడ వేసుకుంటోంది. కోపంగా అనలేదు. "అమ్మకు నువ్వున్నవ్ గదా బాపు. నువ్వు ఎప్పుడూ ఇంట్లనే ఉంటివి" అంది.

ఆమె టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆ నెల నుంచి పొద్దున్నే పోయి, రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. అన్నం ముందే కునికేది.

రెండు మూడు నెలలయ్యాక ఒకరోజు నా భార్య అడిగింది. "పిల్ల రెక్క పట్టుకుంటే సన్నగ అనిపిస్తుంది. చిక్కిందా ఏంది?"

"లేదు. మంచిగనే ఉంది" అన్నాను.

పిల్ల సగమైంది.